థర్మామీటరును రెండు చోట్ల కోయాలి

ప్రశ్న: సార్, నమస్కారం. మాది పుత్తూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ ఎట్లాగో గట్టెక్కి ఇప్పుడు తిరుపతిలో నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పాఠం అర్థమవుతుంది, పరీక్ష కూడా రాయగలను. కానీ క్లాసులో లేచి చదవమంటే పొడుగు మాట రాగానే గొంతు పట్టేస్తుంది. మొన్న ‘హెపటోస్ప్లీనోమెగలీ’ దగ్గర మూడుసార్లు ఆగిపోయాను. వెనక బెంచీలో నవ్వు. మా రూమ్మేటు ‘ముక్కలు చేసుకుని చదువు’ అంటుంది. ఎక్కడ ముక్క చేయాలి సార్? రెండేసి అక్షరాలకా, మూడేసి అక్షరాలకా? ఏదో ఒకచోట ఒత్తి పలకాలి అని కూడా అంటారు. ఎక్కడ ఒత్తాలో ఎట్లా తెలుస్తుంది? ఇంకొకటి, ఎవరో ఫోన్లో నలభై అయిదు అక్షరాల జబ్బు పేరు పంపి, తప్పు లేకుండా చదివితే బిర్యానీ అన్నారు. అట్లాంటి మాట నిజంగా ఉందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, నా మనవరాలి వయసుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. బిర్యానీ సంగతి తర్వాత చూద్దాం.

మీ రూమ్మేటు చెప్పింది సగం నిజం. ముక్కలు చేయాల్సిందే. కానీ రెండేసి, మూడేసి అని లెక్కపెట్టి కోస్తే చెరుకును కణుపు చూడకుండా నరికినట్టే. ఆ మిగతా సగం ఆ పిల్లకే కాదు, చాలామంది ఇంగ్లీషు అయ్యవార్లకే తెలియదు. నాకూ ఉద్యోగంలో చేరిన పదేళ్ళకు గానీ తెలియలేదు. పొడుగు మాటను కోయడానికి కత్తి ఒకటి కాదు, రెండు. ఒకటి అర్థానికి, ఒకటి నోటికి. రెండూ ఒకేచోట తెగుతాయని అనుకోవడంతోనే తికమక మొదలవుతుంది.

నువ్వు రోజూ చేత్తో పట్టుకునే వస్తువునే తీసుకో. థర్మామీటర్. అర్థం కోసం కోస్తే థర్మో, మీటర్. థర్మో అంటే వేడి, మీటర్ అంటే కొలిచేది. ఇప్పుడు డిక్షనరీ ఆ మాటను ఎట్లా పలకమంటుందో చూడు: థర్-'మామ్-ఇ-టర్. నువ్వు ఒత్తడం అంటున్న ఊనిక గుర్తు (') డిక్షనరీలో ముక్కకు ముందే పడుతుంది కాబట్టి నేనూ అట్లాగే పెడుతున్నాను. చూశావా, మీటరు తల తెగి ముందున్న థర్మోలో కలిసిపోయింది. అర్థం ఒకచోట తెగింది, నోరు ఇంకోచోట తెంచింది. ‘థర్మో’ అని ఆగి ‘మీటర్’ అని చదివేవాళ్ళు తప్పు చదువుతున్నారని కాదు, అర్థానికి వాడే కత్తితో నోటి పని చేస్తున్నారంతే.

ఇది నీకు కొత్తేమీ కాదు. తెలుగు క్లాసులో ఉత్పలమాల పాదం రాసి ‘భ ర న భ భ ర వ’ అని గీతలు గీసినావు కదా. ఆ గీత ఎన్నిసార్లు మాట నడుమలోంచి పోయిందో గుర్తు తెచ్చుకో. ఒక గణంలో ముందు మాట తోక, వెనక మాట తల ఉండేవి. గణానికి అర్థంతో పనిలేదు, దానికి కావలసింది లెక్క. ఆ తర్వాత ‘ఈ పద్యానికి ప్రతిపదార్థం రాయండి’ అంటే గీతలన్నీ పక్కనపెట్టి మాటలు విడదీసేదానివి. ఇంగ్లీషు మాటకూ అంతే. సిలబుల్స్‌గా, అంటే పలికే ముక్కలుగా, కోయడం గణవిభజన లాంటిది. థర్మో, మీటర్ అని కోయడం ప్రతిపదార్థం లాంటిది.

అర్థం కోసం కోసే కత్తికి మన పక్క ఊరి పేరే చాలు. శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. రేణిగుంట మీదుగా పోయే బస్సు బోర్డు చదివిన ప్రతిసారీ మనం మూడు ప్రాణుల పేర్లు చదువుతున్నట్టే. వైద్యం మాటల్లో ఎక్కువ భాగం ఇట్లా కట్టినవే. గ్రీకు, లాటిన్ ముక్కలు తెచ్చి సమాసం చేశారు. సమాసాన్ని విడదీయడం నీకు వచ్చిన విద్యే.

ముందు నోటి కత్తి చూద్దాం, నీ గొంతు పట్టేస్తున్నది అక్కడే కాబట్టి.

సిలబుల్ అంటే ఒక అచ్చు శబ్దం, దాని చుట్టూ చేరిన హల్లులు. ఎన్ని అచ్చు శబ్దాలు వినబడితే అన్ని సిలబుల్స్. స్పెల్లింగులో ఎన్ని అచ్చులున్నాయన్నది లెక్కలోకి రాదు. గడ్డం కింద చెయ్యి ఆనించి మాట నెమ్మదిగా పలుకు, దవడ ఎన్నిసార్లు దిగితే దాదాపు అన్ని. ఇక్కడ మనవాళ్ళకు ఒక చిక్కుంది. తెలుగు మాట అచ్చుతో ముగియాలని మన నోరు పట్టుపడుతుంది. ఇంగ్లీషువాడి బస్ ఒక్క సిలబుల్. మనం అలిపిరికి ఎక్కేది రెండు సిలబుళ్ళ బస్సు. అట్లాగే స్కూలు మా పల్లెలో ‘ఇస్కూలు’ అయ్యేది, ముందొకటి వెనకొకటి చేరి ఒక్క సిలబులు మూడైపోయేది. నువ్వు ‘స్ప్లీ’ దగ్గర ఆగినావంటే ముందు ‘ఇ’ పెట్టుకుని ఎక్కబోయి ఉంటావు. ‘స్...’ అని పాము బుస కొట్టినట్టు సాగదీసి, ఆ సాగులోంచే ‘ప్లీ’లోకి దిగు. ఇ అవసరం లేదు.

ఇంకో చిక్కు రాతలో ఉంది. ‘పుస్తకం’ అని రాస్తే పు, స్త, కం అని మూడు అక్షరాలు కనబడతాయి. కానీ పలికేటప్పుడు పుస్-త-కం అంటాం. స్ అనే శబ్దం వెనక్కి పోయి ‘పు’ను మూసేస్తుంది. ఛందస్సు దీన్ని ఎప్పుడో పట్టుకుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని ఎందుకన్నారు? ఒత్తక్షరం రెండోచోట ఉంటే బరువు మొదటి అక్షరానికి ఎందుకొచ్చింది? అందులో ఒక హల్లు వెనక్కి జరిగి ముందు అక్షరానికి బరువైంది కాబట్టి. ఈ సూత్రాన్ని మార్కుల కోసం బట్టీ పట్టాం గానీ, అది మన నోటి పనిని వర్ణిస్తోందని ఎవరూ చెప్పలేదు.

ఈ ఒక్క సూత్రంతో నీకు ఒక పెద్ద తలనొప్పి తీరుతుంది. న్యుమోనియా, మన ఊళ్ళలో ‘నిమ్ము’ అంటారే, దాని స్పెల్లింగు ‘పి’తో మొదలవుతుంది. ఆ పి పలకదు. నేను డిగ్రీలో చేరిన కొత్తల్లో అందరి ముందూ ‘పెన్యుమోనియా’ అని చదివి వారం రోజులు అదే పేరుతో పిలిపించుకున్నాను. మరి ఊపిరి ఆగడాన్ని ఆప్నియా అంటారు కదా, అందులో పి చక్కగా పలుకుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఊపిరికి సంబంధించిన గ్రీకు ముక్కే, పి, ఎన్ అనే జంటే. ఒకచోట మూగ, ఇంకోచోట మాట్లాడుతుంది, ఏమిటి తేడా? ఆప్నియాలో ముందు ఒక అచ్చు ఉంది. పి వెనక్కి జరిగి దాన్ని పట్టుకుంది: 'ఆప్-ని-యా. న్యుమోనియాలో ముందు ఎవరూ లేరు. ఇంగ్లీషు నోరు ‘ప్న’ అని మొదలుపెట్టలేదు, అందుకే వదిలేసింది. డయాగ్నోసిస్‌లో జి పలకడానికీ ఇదే కారణం. హెలికాప్టర్ కూడా ఇట్లాంటిదే. అర్థానికి కోస్తే హెలికో, ప్టర్. హెలికో అంటే మెలితిరిగేది, ప్టర్ అంటే రెక్క. ‘ప్టర్’ అని మాట మొదలుపెట్టే నోరు ఇంగ్లీషులో లేదు, అందుకని పి వెనక్కి పోయి ‘కాప్’ను మూసింది. తర్వాత తర్వాత జనం ఆ మాట హెలి, కాప్టర్ అని తెగుతుందనుకుని హెలిప్యాడ్ కట్టేశారు. తప్పుగా కోసినా మాట పుట్టింది, పర్వాలేదు.

ఇక ఒత్తడం. ఆ మాట వాడకు, క ఒత్తు, ర ఒత్తు గుర్తొచ్చి గందరగోళం. ఊనిక అందాం. తెలుగులో ఊనికతో అర్థం మారదు, దీర్ఘంతో మారుతుంది. పలు వేరు, పాలు వేరు. తి-రు-ప-తి అంటే నాలుగూ లఘువులే, నాలుగూ సమానంగా దొర్లిపోతాయి. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు కొందరు ‘తిరు-'పా-తి’ అంటారు, విన్నావా? వాళ్ళ నోటికి ప్రతి పొడుగు మాటలోనూ ఒక పెద్దన్న కావాలి. ఆ ముక్క కొంచెం పొడుగ్గా, గట్టిగా, పైస్వరంలో వస్తుంది. మిగతావి కుంచించుకుపోతాయి, అందులో చాలా అచ్చులు ‘అ’కు దగ్గరగా నీరసపడిపోతాయి. అ-'నా-ట-మీ అన్నప్పుడు గట్టిగా ఉన్న ‘నా’, అనటామికల్ అన్నప్పుడు అ-న-'టా-మి-కల్ అని చిక్కిపోతుంది. మొదటి మాటలో నీరసంగా ఉన్న ‘ట’ రెండోదానిలో పెద్దన్న అయింది. అక్షరం అదే, స్పెల్లింగు అదే. 'హాస్-పి-టల్ నుంచి హాస్-పి-'టా-లి-టీకి పోయినప్పుడూ అంతే. మీ వార్డులో రాసే రికార్డు ఉంది చూడు, వస్తువు అయితే 'రె-కార్డ్, రాయడమనే పని అయితే రి-'కార్డ్. మనం రెండింటికీ కలిపి ‘రికార్డు’ అని ముగించేశాం.

ఊనిక ఎక్కడో ఎట్లా తెలుస్తుందని అడిగినావు. చిన్న మాటల్లో నిజానికి నేర్చుకోవలసిందే, దారి లేదు. హోటల్ అన్న మాటలో ఊనిక రెండో ముక్క మీద అని చెబితే మన భీమవరం వీధుల నుంచి తిరుపతి గాంధీరోడ్డు దాకా ఎవరు నమ్ముతారు! కానీ మాట పొడుగయ్యేకొద్దీ పని తేలిక. నీ చదువులో అదే అదృష్టం. పొడుగు మాటలో ఊనిక ఎక్కడో తోక చెబుతుంది. అందుకని తల నుంచి కాదు, తోక నుంచి లెక్కపెట్టు.

‘షన్’తోనూ ‘ఇక్’తోనూ ముగిస్తే దానికి సరిగ్గా ముందు ముక్క మీద: ఇన్-'జెక్-షన్, ఆ-ప-'రే-షన్, యాం-టి-బ-'యా-టిక్. జబ్బుల తోకలైన ‘ఐటిస్’, ‘ఓసిస్’ అయితే ఆ తోక మొదటి అచ్చు మీదనే: హె-ప-'టై-టిస్, ట్యూ-బర్-క్యు-'లో-సిస్. ‘లజీ’, ‘గ్రఫీ’, ‘ఎక్టమీ’, ‘ఇటీ’, ‘మెగలీ’ అయితే చివరి నుంచి మూడో ముక్క మీద: కార్-డి-'ఆ-ల-జీ, మ-'మా-గ్ర-ఫీ, హిస్-ట-'రెక్-ట-మీ. థర్మామీటర్ కూడా ఈ మూడో ముక్క జట్టులోదే. కట్టుబడని మొండి మాటలు కొన్ని ఉంటాయి. టెలివిజన్‌కు మొదటే ఊనిక, లెక్కల అరిథ్మెటిక్‌కు రెండోదాని మీద. అట్లాంటివి తక్కువ, వినగా వినగా పడతాయి.

ఈ తోకలు గుర్తుంచుకుంటే ఇంకో లాభం ఉంది. మన సమాసాల్లో చాలావాటిలో అసలు మాట చివరే ఉంటుంది. రాజభవనం అంటే భవనమే గానీ రాజు కాదు. ఈ మాటలూ అంతే. ఐటిస్ కనబడితే వాపు, మంట. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. తోక చూడగానే సగం అర్థం చేతికొస్తుంది, ఊనికా చేతికొస్తుంది. తర్వాత ముందుకు జరిగి ఏ అవయవమో చూసుకో. కానీ జాగ్రత్త, కొన్ని తోకలు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ట్రేకియాటమీ అంటే శ్వాసనాళానికి గాటు పెట్టడం, ట్రేకియాస్టమీ అంటే అక్కడ ద్వారం ఉంచడం. మధ్యలో ఒక్క ‘స్’ తేడా.

నువ్వు సంధులు మరిచిపోయి ఉండవు. రాముడు + అతడు = రాముడతడు, ఉత్వసంధి, ముందు మాట చివరి ఉకారం లోపించింది. ఇప్పుడు చూడు: గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం, దానికి ఐటిస్ చేర్చు. గ్యాస్ట్రోఐటిస్ కాదు, గ్యాస్ట్రైటిస్. ఓకారం లోపించింది. తోక అచ్చుతో మొదలైతే ముందున్న ‘ఓ’ పోతుంది. అదే రెండు అవయవాల పేర్లు పక్కపక్కన చేరితే మాత్రం సాధారణంగా ‘ఓ’ నిలుస్తుంది: గ్యాస్ట్రో + ఎంటరో + ఐటిస్ = గ్యాస్ట్రోఎంటరైటిస్. మొదటి ఓ నిలిచింది, రెండోది లోపించింది. సూత్రం రాసి దానికి ఉదాహరణ రాయమంటే ఈ పాటికి రాసేసి ఉండేదానివి. వెనక బెంచీలో నవ్వినవాళ్ళలో ఎంతమందికి ఉత్వసంధి వచ్చో నాకు అనుమానమే.

సరే, నిన్ను నిలబెట్టిన మాట దగ్గరికి పోదాం. అర్థం ముందు. తోక మెగలీ, పెద్దదవడం. దాని ముందు స్ప్లీనో, ప్లీహం. దాని ముందు హెపటో, కాలేయం. కాలేయం, ప్లీహం రెండూ పెద్దవయ్యాయి. భయం సగం పోయింది కదా. ఇప్పుడు నోరు: హె-ప-టో-స్ప్లీ-నో-'మె-గ-లీ. ఎనిమిది ముక్కలు, ఊనిక చివరి నుంచి మూడోది. దీన్ని తల నుంచి మొదలుపెట్టొద్దు. తల నుంచి పోతే నడుమకు వచ్చేసరికి ఊపిరి, ధైర్యం రెండూ అయిపోతాయి. తోక పట్టుకో. ముందు 'మెగలీ అని నాలుగుసార్లు అను. తర్వాత స్ప్లీనో'మెగలీ. అది నోట్లో కుదురుకున్నాక హెపటోస్ప్లీనో'మెగలీ. ఇట్లా చేస్తే నువ్వు ఎప్పుడూ తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి పోతుంటావు. రాత్రి హాస్టల్ మేడ మీద పదిసార్లు అను. నవ్వేవాళ్ళుంటే వాళ్ళ చేతా అనిపించు.

డ్యూటీకి రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో పోయినప్పుడు తలుపుల మీది బోర్డులు ఊరికే వదలకు. చెవి, ముక్కు, గొంతు విభాగానికి పొడుగు పేరు ఓటోరైనోలారింగాలజీ. ఓటో చెవి, రైనో ముక్కు, లారింగ్ స్వరపేటిక, తర్వాత శాస్త్రం. బస్టాండు బయట అరిచే ఆటో కాదు, ఇది ఓటో. రైనో ఎక్కడో విన్నట్టుందా? ఖడ్గమృగమే, రైనోసరస్, ముక్కు మీద కొమ్ముది. మనవాళ్ళకు ఆ కొమ్ము కత్తిలా కనబడింది, గ్రీకువాళ్ళు అది ఎక్కడుందో చూసి పేరు పెట్టారు. లారింగ్ దగ్గర మళ్ళీ రెండు కత్తులు రెండు దారులు పడతాయి. అర్థానికి లారింగ్ అని తెగుతుంది, నోటికి లా-రిన్-'గా-ల-జీ అని.

డిక్షనరీ సంగతి ఒక ముక్క. ఫోనులో డిక్షనరీ తెరిస్తే మాట పక్కన నిలువు గీత పైన ఉంటే ముఖ్యమైన ఊనిక, కింద ఉంటే చిన్న ఊనిక. స్పీకరు గుర్తు నొక్కి విను. అమెరికన్ డిక్షనరీల్లో తలమాట నడుమ చుక్కలు ఉంటాయి. అవి అచ్చులో పంక్తి చివర మాటను ఎక్కడ విరవవచ్చో చెప్పడానికి పెట్టినవి. పలికే ముక్కలకూ వాటికీ ఎప్పుడూ పొత్తు కుదరదు, వాటిని నమ్ముకోవద్దు.

వార్డులో నీ సీనియర్ సిస్టర్ ‘థర్మోమీటర్’ అన్నదనుకో, దిద్దవద్దు. ఆమె చేతికి అందించు. నేను చెప్పింది నీ గొంతు విప్పడానికే, ఇంకొకరి గొంతు నొక్కడానికి కాదు.

ఇప్పుడు బిర్యానీ. ఆ మాట ఉంది, డిక్షనరీలోకీ ఎక్కింది. కానీ అది జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు కాదు. 1935లో అమెరికాలో పదాల పొడుపుకథల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ అన్నిటికన్నా పొడుగు మాట కావాలని కట్టిన సరదా సమాసం. కత్తి తీసుకో. న్యుమోనో ఊపిరితిత్తి, అల్ట్రా మించినది, మైక్రోస్కోపిక్ కంటికి కనబడనంత చిన్నది, సిలికో ఇసుకరాతి ధూళి, వోల్కేనో అగ్నిపర్వతం, కోని దుమ్ము, ఓసిస్ జబ్బు. ముక్కలు కలుపు: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. నలభై అయిదు అక్షరాలు, పంతొమ్మిది సిలబుల్స్, తోక ఓసిస్ కాబట్టి పెద్ద ఊనిక చివరి నుంచి రెండోదాని మీద. తోక నుంచే కట్టుకుంటూ రా: కోని'యోసిస్, వోల్కేనోకోని'యోసిస్, అట్లా. గంటలో వస్తుంది. వైద్యులు మాత్రం సిలికోసిస్ అని ఊరుకుంటారు. ఆ చిన్న మాటను బాగా గుర్తుపెట్టుకో. కుప్పం పక్క గ్రానైట్ క్వారీల్లో రాయి కోసేవాళ్ళు పీల్చే ధూళితో వచ్చేది అదే. దగ్గుతూ నీ ముందు కూర్చునే మనిషికి అగ్నిపర్వతంతో పనిలేదు.

చివరగా ఒకటి, నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్. ‘షన్’ సూత్రం ప్రకారం ఊనిక రెండింటిలోనూ ‘టెన్’ మీదే పడుతుంది. ముందు ముక్క నీరసపడుతుంది. బ్రిటిష్‌వాళ్ళ లాగా ‘ర్’ మింగి పలికితే రెండూ ఇంచుమించు ఒకేలా వినబడతాయి. ఒకటి రక్తపోటు పెరగడం, ఇంకొకటి పడిపోవడం. ఇక్కడ సూత్రం పక్కనపెట్టు. హై-పర్, హై-పో అని ముందు ముక్కనే నొక్కి పలుకు, మన ‘ర’ను మనలాగే అదిరించు. ఫోనులో ఎవరైనా ఆ మాట చెప్పినప్పుడు, ‘ఎక్కువా సార్, తక్కువా?’ అని తెలుగులో అడిగి, అంకె రాసుకుని, ఆ అంకె తిరిగి వాళ్ళకు చదివి వినిపించు.